బోరుకొచ్చిందనే ముందు వాల్వులు చూడాలె



మన అన్నోజిగూడ, కొర్రెముల, ప్రతాపసింగారం, ఏదులాబాద్ దిక్కు ఎవుసం చేసేటోళ్లం తక్కువయినం. ప్లాట్లకు పోను మిగిలిన చెలకలు, మూసీ నీళ్ల కింద ఉన్న పొలాలు, గంతే. మనలాంటి రెండు మూడెకరాల రైతు దగ్గర ట్రాక్టరు ఉన్నదంటే అది చాన వరకు పాత బండే. 20, 25 ఏండ్ల మాస్సీ 1035 లేకుంటే పాత ఫోర్డ్, పాత హెచ్ఎంటీ. కిస్తీలు ఎప్పుడో తీరిపోయినయి. నడిచినన్ని రోజులు అది మనకు ఆస్తి. కరిగట్టు టైముకు ఆగిపోతే మాత్రం అదే గుదిబండ.

ఇట్లాంటి బండి పొద్దుగాల స్టార్ట్ కాకుంటే, పొగ పోస్తే, కేజ్ వీల్స్ వేసినంక మడిల గుంజకుంటే, మనకు ముందుగాల వినపడే మాట ఒక్కటే. "ఇంజన్ బోరుకొచ్చిందే అన్నా, దించాల్సిందే." ఆ ఒక్క మాట మీద ఎంతమంది అప్పు తెచ్చి ఇంజన్ పని చేయించిండ్రో, ఎంతమంది బండిని కాటా ధరకు అమ్ముకున్నరో మనందరికీ ఎరుకే.

నా అభిప్రాయం సూటిగ చెప్త. కొలత చూపెట్టకుండ ఎవరు చెప్పినా ఇంజన్ దించనియ్యొద్దు. కంప్రెషన్ పోయిందంటే రింగులే అరిగినయని అనుకోవద్దు. వాల్వుల నుంచి కూడ పోతది. వాల్వు దగ్గర పోతే హెడ్ ఒక్కటి దించితే సరిపోతది. ఒక్కోసారి హెడ్ కూడ దించే పని లేకుండ టాపిట్లు సరిచేస్తేనే అయిపోతది. హెడ్ పని ఒకటి రెండు రోజుల పని. మొత్తం ఇంజన్ దించితే సామాను, లేత్ మిషన్ కాడ లైను, మళ్ల కట్టుడు, వారం పది రోజులు సులువుగ పోతయి. నారుమడిల నారు ఆ పది రోజులు మనకోసం ఆగదు. తక్కువ రోజుల వరి రకానికి నారు 25 రోజులు దాటితే ముదిరి పిలకలు తగ్గుతయి. అంటే మెకానిక్ షెడ్డుల ఖర్చు ఒకటి, పొలంల నష్టం ఇంకొకటి.

వాల్వు చేసే పని

బాయి మోటరు ఫుట్‌వాల్వు మనకు తెల్సిందే. అది సరిగ కూసోకుంటే మోటరు తిరుగుతది గని నీళ్లు పైకి రావు, కిందికే జారిపోతయి. ఇంజన్ వాల్వు కూడ అంతే. పిస్టన్ గాలిని నొక్కేటప్పుడు రెండు వాల్వులు గట్టిగ మూసుకోవాలె. డీజిల్ ఇంజన్ల నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. నొక్కిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటది. గాలి జారిపోతే వేడి పుట్టదు, వేడి లేకుంటే డీజిల్ కాలదు. కాలని డీజిలే తెల్ల పొగై పోతది.

3 సిలిండర్ల మాస్సీకి మొత్తం 6 వాల్వులు. ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు నిమిషానికి 1000 సార్లు తెరుచుకొని మూసుకుంటది. గంటకు 60,000 సార్లు. 8 గంటలు కరిగట్టు దున్నితే 4,80,000 సార్లు. సైలెన్సర్ దిక్కు వాల్వు మీంచి 500 డిగ్రీలు దాటిన పొగ పోతుంటది. ఆ వేడి వాల్వుల నుంచి బయటికి పోయేదంతా ఎక్కువ భాగం మూసుకున్నప్పుడు సీటుకు ఆనుకొనే. సీటుకు ఆనకుంటే వేడి పోదు, అంచు కాలుతది. అంచు కాలితే గాలి ఇంకింత జారుతది. అట్ల ఒక్కసారి మొదలైతే ఆగదు.

చప్పుడు చేయని వాల్వుతోనే భయం

మనోళ్లల్ల ఒక అలవాటు ఉన్నది. ఇంజన్ మీద టిక్కు టిక్కు చప్పుడు వస్తే చాలు, "టాపిట్లు టైట్ చెయ్యి, చప్పుడు రావొద్దు" అని మెకానిక్‌కు చెప్తరు. ఆయన కూడ రైతు ఖుషీ కోసం టైట్ చేసి పంపుతడు. బండి మెత్తగ నడుస్తది, అందరికీ సంతోషం. ఆరు నెలలకు వాల్వు కాలుతది.

టాపిట్ గ్యాప్ ఎందుకిచ్చిండ్రు? ఇంజన్ వేడెక్కితే వాల్వు కాడ సాగుతది. సాగేదానికి జాగ ఉండాలె. జాగ లేకుంటే రాకర్ దాన్ని ఎప్పుడూ కొంచెం నొక్కే పెడ్తది, అది పూర్తిగ మూసుకోదు. గ్యాప్ ఎక్కువైతే చప్పుడొస్తది, వాల్వు తక్కువ తెరుచుకుంటది, పికప్ కొంత తగ్గుతది. గ్యాప్ లేకుంటే చప్పుడే రాదు, లోపల వాల్వు కాలిపోతుంటది.

ఇంకో సంగతి. పాత ఇంజన్ల గ్యాప్ ఎప్పుడూ పెరుగుతదని అనుకుంటం. రాకర్ మూతి, క్యామ్ అరిగితే పెరుగుతది, నిజమే. గని వాల్వు ముఖం, సీటు అరిగితే వాల్వు హెడ్డులకు ఇంకా లోపలికి పోయి కూసుంటది, దాని కాడ పైకి లేస్తది. అప్పుడు గ్యాప్ తగ్గుతది. అంటే ఎవరూ ముట్టకున్నా టాపిట్ దానంతట అదే టైట్ అయితది. అందుకే "నా బండి చప్పుడే చెయ్యదు" అని మురిసేటోళ్లు ఒక్కసారి కవర్ ఇప్పి చూసుకోవాలె.

ముందుగాల వాల్వు కానివి తీసెయ్యాలె

నల్ల పొగ వస్తుంటే గాలి తక్కువైందని అర్థం. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఇప్పి చూడాలె. కింద గిన్నెల ఆయిల్ బురదలెక్క అయి ఉంటే అదే కారణం కావొచ్చు. తెల్ల పొగ, మిస్సింగ్ ఉంటే డీజిల్ ఫిల్టర్, లైన్ల గాలి చూడాలె. స్టార్ట్ కాకుంటే బ్యాటరీ, సెల్ఫ్ బలంగ తిప్పుతున్నయా చూడాలె. మెల్లగ తిరిగితే మంచి ఇంజన్ కూడ అంటుకోదు. ఇవన్ని చూసుకొనుడు ఒక పూట పని, పైస ఖర్చు లేదు. ఇవి చూడకుండ ఇంజన్ గురించి మాట్లాడే మెకానిక్ మాట నేనైతే వినను.

ఏ సిలిండర్ల తక్కువుంది?

ఇంజన్ స్లోల పెట్టి ఒక్కో నాజిల్‌కు పోయే పైపు నట్టు కొంచెం లూజు చేయాలె. మంచి సిలిండర్‌ది లూజు చేస్తే ఇంజన్ చప్పుడు మారుతది, కుంటుతది. చెడ్డ సిలిండర్‌ది లూజు చేసినా తేడా రాదు. ఇక్కడ జాగ్రత్త. ఆ పైపుల డీజిల్ విపరీతమైన ఒత్తిడి మీద ఉంటది. సన్నటి ధార చేతికి తగిల్తే తోలు లోపలికి దూసుకపోతది. పైకి సూది పోటంత కనపడ్తది గని అది పెద్ద ప్రమాదం, వెంటనే దవాఖానకు పోవాలె. వేళ్లు అడ్డం పెట్టొద్దు, నట్టు మీద మందం గుడ్డ కప్పాలె, కండ్లకు అద్దాలు పెట్టుకోవాలె.

చెడ్డ సిలిండర్ దొరికినంక దాని నాజిల్ తీసి పక్క సిలిండర్‌కు, పక్కది దీనికి మార్చి చూడాలె. రోగం నాజిల్ వెంట పోతే నాజిల్‌దే తప్పు. రోగం అదే సిలిండర్ల ఉంటే కంప్రెషన్ మీద అనుమానం పెట్టుకోవాలె. నాజిల్ మళ్ల బిగించేటప్పుడు కింది రాగి వాషర్ కొత్తది వెయ్యాలె.

గ్యాప్ కొలుచుడు

ఫిల్లర్ గేజి అంటే సన్న సన్న ఇనుప ఆకుల కట్ట. ఉప్పల్, నాచారం దిక్కు ఏ పనిముట్ల దుకాణంల అయినా దొరుకుతది. పెద్ద ధర కాదు. ప్రతి రైతు ఇంట్ల పానాల సంచిల ఇది ఉండాలె.

ఇంజన్ రాత్రంత చల్లారినంక పొద్దుగాల కొలవాలె. స్టాప్ గుంజి, బ్యాటరీ తీగ తీసి, బండి న్యూట్రల్ల పెట్టి, చక్రాలకు రాళ్లు పెట్టాలె. కవర్ ఇప్పి, క్రాంక్ పుల్లీ నట్టుకు పానా వేసి, ఇంజన్ తిరిగే దిక్కే మెల్లగ తిప్పాలె. చూస్తున్న సిలిండర్ల గాలి వాల్వు కిందికి పోయి మళ్ల పైకి వస్తది. అది పైకి వచ్చినంక ఇంకో సగం చుట్టు తిప్పితే పిస్టన్ పైకొస్తది, రెండు వాల్వులు మూసుకొని ఉంటయి. అప్పుడు కొలవాలె. అట్లనే ఒక్కో సిలిండర్.

ఎంత గ్యాప్ ఉండాలె? ఇది బండిని బట్టి ఉంటది. మాస్సీల ఉండే 3 సిలిండర్ల సింప్సన్ ఇంజన్‌కు మూలం ఇంగ్లండ్ పెర్కిన్స్ కంపెనీ 3.152 ఇంజన్. దీనికి చల్లగ ఉన్నప్పుడు 0.012 అంగుళం, అంటే 0.30 మిల్లీమీటర్లు. వేడి మీద అయితే 0.010 అంగుళం, అంటే 0.25. పాత ఫోర్డ్ 3600కు గాలి వాల్వు 0.015, పొగ వాల్వు 0.018, రెండూ వేరు. ఒకని బండి కొలత ఇంకొకని బండికి పెట్టొద్దు. మీ బండి పుస్తకం చూసి పెట్టుండ్రి.

గేజి ఆకు గుంజితే కొంచెం పట్టుకుంటూ రావాలె. ఊకె జారొద్దు, ఇరుక్కోవద్దు. రాకర్ మూతి గుంట పడి ఉంటే మాత్రం ఆకు గుంట మీంచి పోతది, లోపలి అసలు గ్యాప్ తెల్వది. అట్లాంటి రాకర్ సాన పట్టించాలె లేకుంటే మార్చాలె. అదే టైముల స్ప్రింగు విరిగిందా, పుష్ రాడ్ వంగిందా, వాల్వు గైడ్‌ల బిగుసుకపోయిందా చూసుకోవాలె. నెలల తరబడి నిలబెట్టిన బండిల వాల్వు బిగుసుకునుడు కొత్త కాదు.

చెడ్డ సిలిండర్ల ఒక వాల్వుకు గ్యాప్ సున్నా దొరికిందనుకోండి. సరిచేసి బండి నడిపి చూడాలె. పొగ పోయి, పికప్ వస్తే అంతే, పని అయిపోయింది. మార్పు రాకుంటే వాల్వు అప్పటికే కాలిందని అనుమానించాలె. ఆ అనుమానం తీర్చుకునే పరీక్ష ఇంకోటి ఉన్నది.

గాలి ఎటు పోతున్నది?

నాకు అన్నిటికన్న నచ్చిన పరీక్ష ఇది. చెడ్డ సిలిండర్ పిస్టన్‌ను ఇందాక చెప్పినట్టు పైకి తెచ్చి, నాజిల్ తీసి, ఆ రంధ్రంల పంచర్ షాపు కంప్రెషర్ గాలి పెట్టాలె. పాత నాజిల్ బాడీకి లేత్ మీద గాలి పైపు మూతి చేపిస్తే అదే అడాప్టర్. గాలి పెట్టేటప్పుడు పిస్టన్ కిందికి తన్ని ఇంజన్ తిరగొచ్చు. అందుకే ఇప్పుడు బండిని టాప్ గేర్ల వేసి, బ్రేకు బిగించి, పుల్లీకి పెట్టిన పానా తీసేసి, ఫ్యాను కాడ చేతులు లేకుండ చూసుకోవాలె. గాలి మెల్లగ పెంచాలె. ఇంక చెవి పెట్టి వినుడే.

ఎయిర్ క్లీనర్ పైపుల బుస్సుమంటే గాలి వాల్వు కారుతున్నది. సైలెన్సర్ల వినపడితే పొగ వాల్వు. ఆయిల్ పోసే మూతి కాడ, బ్రీదర్ల జోరుగ వస్తే రింగులు, బోరు. రేడియేటర్ నీళ్లల్ల బుడగలు లేస్తే హెడ్ గాస్కెట్ లేకుంటే హెడ్ పగులు. కొంచెం గాలి బ్రీదర్ల నుంచి మంచి ఇంజన్ల కూడ వస్తది, దానికి భయపడొద్దు. పక్క సిలిండర్‌తోని పోల్చి చూడాలె.

ఇంకో మాట. బండి నడిచేటప్పుడు బ్రీదర్ల నుంచి పొగ గుప్పుమని వస్తూ, ఆయిల్ రోజూ తగ్గుతూ, ఆయిల్ ప్రెషర్ పడిపోయి ఉంటే అది నిజంగనే బోరుకొచ్చిన బండి. అప్పుడు మెకానిక్ మాట వినాల్సిందే. ఆ బండికి వాల్వులు మాత్రమే సాన పడితే పైసలు దండగ. కొలవాలనే నేను అంటున్న, ఖర్చు తప్పించుకోమని కాదు.

హెడ్ దించినంక

హెడ్ దించితే కండ్ల ముందట ఉండి చూసుకోండి. హెడ్ తిరగేసి ఒక్కో రంధ్రంల కిరసనాయిలు పోస్తే, కారే వాల్వు అంచు నుంచి చెమ్మ వస్తది. సాన పట్టినంక మళ్ల ఇదే పరీక్ష చేపియ్యాలె. వాల్వు గైడ్‌ల ఊగుతుంటే సీటుకు ఎంత సాన పట్టినా నిలవదు, గైడ్ మార్చాలె. హెడ్ బోల్టులు నడుమ నుంచి అంచులకు, కొంచెం కొంచెం, టార్క్ పానాతోనే బిగించాలె. కొన్ని గంటలు నడిచినంక కంపెనీ చెప్పిన ప్రకారం బోల్టులు, టాపిట్లు మళ్ల చూడాలె. చాన మంది ఈ ఆఖరు పనికి బండి తీస్కపోరు, మూడు నెలలకు మళ్ల అదే రోగం.

వాల్వు ఎందుకు కాలిందో కూడ చూడాలె. మన దిక్కు బోరు నీళ్లు మస్తు గట్టి నీళ్లు. అవి రేడియేటర్ల పోస్తే హెడ్ లోపల సున్నం కడ్తది, సీటు చుట్టూ నీళ్లు వేడి గుంజవు. కూలెంట్ గని, మంచి మెత్తటి నీళ్లు గని పోయాలె. దమ్ము చేసి బండి ఆపేముందు రెండు మూడు నిమిషాలు స్లోల నడవనియ్యాలె.

మెకానిక్‌తోని కొట్లాట కాదు

మెకానిక్‌లంతా దొంగలని నేను అంటలేను. ఆయన దిక్కు నుంచి కూడ ఆలోచించాలె. వాల్వులు ఒక్కటి చేసి పంపితే, నెలకు ఇంకోటి చెడిపోయినా మనం పోయి ఆయన మీదనే అరుస్తం. అందుకే మొత్తం ఇంజన్ చేస్తే ఏ మాటా రాదని ఆయన లెక్క. మనం "3వ సిలిండర్ పొగ వాల్వుకు గ్యాప్ లేకుండె, 0.30 పెట్టిన, అయినా సైలెన్సర్ల గాలి వస్తున్నది" అని చెప్తే మాట తీరే మారుతది. మంచి మెకానిక్ దానికి ఖుషీ అయితడు. కొలత అంటేనే కోపానికొచ్చేటాయన దగ్గర బండి పెట్టొద్దు.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. వానకాలం ముందట ఒకసారి, యాసంగి ముందట ఒకసారి 6 వాల్వుల గ్యాప్ తేదీతోని రాయండి. ఒకే వాల్వు ప్రతిసారీ టైట్ అవుతుంటే అది సీటుల దిగబడుతున్నదని తెలుస్తది. అప్పుడు హెడ్ పని ఎండకాలంల, చేతుల పైసలున్నప్పుడు, మన టైముకు చేపిచ్చుకోవచ్చు. లేకుంటే అది దాని టైముకు, మడిల నడుమ, నారు పీకిన రోజు ఆగుతది. నా మటుకు ఈ కొలతలన్నిటి లాభం ఇదే.

సర్కారుకు కూడ ఒక మాట. రాష్ట్రంల 2,601 రైతు వేదికలు కట్టిండ్రు. అక్కడ విత్తనాలు, ఎరువుల గురించి చెప్తున్నరు, మంచిదే. ఏడాదికి ఒక్క రోజు ట్రాక్టర్ ఇంజన్ గురించి కూడ చెప్పాలె. మధ్యప్రదేశ్ బుద్నిల 1955 నుంచే ట్రాక్టర్ శిక్షణ కేంద్రం ఉన్నది, మన పక్కన అనంతపురం జిల్లా గార్లదిన్నెల కూడ కేంద్ర సంస్థ ఉన్నది. అక్కడి దాకా మనలాంటోళ్లు ఎంతమంది పోతరు? ఐటీఐలల్ల డీజిల్ మెకానిక్ చదివే పిల్లలను ఒక రోజు ఊరికి తోలి, నాలుగు పాత బండ్లు కొలిపిస్తే వాళ్లకు పని వస్తది, మనకు సంగతి తెలుస్తది.

అప్పటి దాకా మనమే ఊరికొక సెట్టు పెట్టుకోవచ్చు. ఒక ఫిల్లర్ గేజి, ఒక టార్క్ పానా, ఒక గాలి అడాప్టర్. పది మంది కలిస్తే ఎవరికీ బరువు కాదు. కొత్త ట్రాక్టర్ కొనేటోళ్లు కొనుక్కోనీ, నాకు కిరికిరి లేదు. రెండెకరాలోనికి మాత్రం కిస్తీ లేని పాత బండిని మించింది లేదు, అది ఎక్కడ నొస్తున్నదో తెలుసుకుంటే.

మా దగ్గర గేజి ఉన్నది. ఊళ్ల ఎవరికన్న కావాల్నంటే పొద్దుగాల 7 గంటల లోపు రండి, ఇంజన్ చల్లగ ఉన్నప్పుడే కొలవాలె గద. తీస్కపోయినోళ్లు ఆకులకు ఆయిల్ తుడిచి తెచ్చియ్యండి, తుప్పు పడ్తది.